ప్లాట్‌ఫాం దాటని రైలు

మొన్న కళ్లద్దాలు మార్చుకుందామని అబిడ్స్ వెళ్లాను. వయసు పెరిగేకొద్దీ కనిపించేవి ఎలాగూ తగ్గిపోతున్నాయి, మిగిలినవాటినైనా స్పష్టంగా చూసి విసుక్కుందామని నా కోరిక. అద్దాలు బిగించడానికి పావుగంట పడుతుందని దుకాణంలో కూర్చోబెట్టారు. నా పక్కన పన్నెండు పదమూడేళ్ల పిల్ల ఒకతె చేతిలో పలకంత యంత్రం పెట్టుకుని లెక్కలు చేస్తోంది. చేస్తోంది అనడం నా మర్యాద. తెర మీద రైలు బొమ్మ కూత వేసుకుంటూ వచ్చింది, ఇంత పొడవున్న రైలు ఇంత పొడవున్న ప్లాట్‌ఫాంను ఎంతసేపట్లో దాటునని ఒక ఆడగొంతు ముద్దుముద్దుగా అడగబోయింది, ప్రశ్న పూర్తికాకముందే ఆ పిల్ల ఒక జవాబు మీద వేలు పెట్టి నొక్కింది, చప్పట్లు మోగాయి, నక్షత్రాలు రాలాయి. ఆ రెండు పొడవులూ ఎందుకు కలిపావమ్మా అని అడిగాను. పిల్ల నన్ను చూసి, తల్లిని చూసి, కాస్త అటు జరిగింది. తల్లి కూడా జరిగింది. కొత్త కళ్లద్దాలతో బయటికి వచ్చానుగాని ఆ చప్పట్ల మీద కోపం నాంపల్లి స్టేషన్ రోడ్డు చివరిదాకా నాతోపాటే నడిచింది.

ఎందుకంటే ఆ లెక్కతో నాకు పాత పగ ఉంది. ఆ పగలో నేను గెలిచానని చాలాకాలం అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. మీరు నా ఈడువాళ్లు కాబట్టి నిజం చెప్పినా నష్టం లేదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, పైన రేకులు, కింద షాబాదు బండలు ఉన్న బడిలో నేను లెక్కల టీచరుగా చేరాను. బి.ఎస్సీ. చదివి, ఆ మీదట బి.ఎడ్. కూడా చదివి ఉన్నాను. గణితం నిత్యజీవితంలోంచి పుట్టాలని మాకు అక్కడే నేర్పారు, కిటికీలు మూసిన హాల్లో కూర్చోబెట్టి, నోట్సు చెప్పి, కామాలతో సహా రాయించి. నేను ఆ మాట నమ్మాను. నమ్మినవాళ్లకు ఏమవుతుందో మాత్రం సిలబస్‌లో లేదు.

ఆ బడిలో నాకంటే ముందునుంచి ఒక పెద్ద లెక్కల సారు ఉండేవారు. పాత హైదరాబాదు కుటుంబం, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, జేబులో పెన్నుకు బదులు చాక్‌పీసు. లెక్క వేరు, జీవితం వేరు, రెండింటినీ కలిపితే రెండూ చెడతాయని ఆయన సిద్ధాంతం. ఆయన గదిలో పిల్లలు సూత్రాలను భజనలా అప్పజెబుతుంటే, పక్క గదిలో నా పిల్లలు నేలమీద బోర్లా పడి వైశాల్యం కోసం షాబాదు బండలు లెక్కపెట్టేవారు. ఆయన గుమ్మంలో నిలబడి, "ఏందమ్మా, అందరికి ఒక్కసారే మూర్ఛ వచ్చిందా? దవాఖానకు తోల్కపోదమా?" అని పరామర్శించేవారు. సాయంత్రం వెళుతూ వెళుతూ మా గది బోర్డు నిండా తన లెక్కలు రాసి కింద 'చెరపరాదు' అని పెట్టి పోయేవారు. నేను పొద్దున్నే వచ్చి మొత్తం చెరిపి, ఆ ఒక్క మాట ఉంచి, దాని కింద 'చెరిపితిని' అని రాసేదాన్ని. ఇది విద్యాబోధనలో భాగమా కాదా అనేది పండితులు తేల్చవలసిన విషయం.

నిష్పత్తి పాఠం చెప్పినప్పుడు, సందు చివరి ఇరానీ హోటల్లో చాయ్‌కి డికాక్షన్ ఎంత, పాలు ఎంత కనుక్కుని రమ్మని పిల్లలకు చెప్పాను. ఒక్కరు వెళ్లి అడుగుతారని నా ఊహ. నలభైమంది విడివిడిగా వెళ్లి అడిగారు. మర్నాడు చాయ్ చేసే ఆయన భుజం మీద గుడ్డ తియ్యకుండానే బడికొచ్చాడు. వచ్చి ఎవరినో కాదు, సరిగ్గా పెద్ద సారును పట్టుకుని మొర పెట్టుకున్నాడు. పెద్ద సారు అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. "మా టీచరమ్మకు జర లెక్కలు రావు భాయ్, అందుకని పిల్లల్ని పంపి అడిగిపిస్తది" అని ఆయన్ను ఓదార్చి పంపారు, నేను వినేలా.

ఇక కాలము - దూరము అనే పాఠం. స్టేషన్ గోడ అవతలే ఉంది, రైళ్లు రోజూ వస్తున్నాయి, ఇంతకు మించిన నిత్యజీవితం ఇంకెక్కడ దొరుకుతుందని ఎనిమిదో తరగతిని మొత్తం వరసగా నడిపించి నాంపల్లి స్టేషన్‌కు తీసుకెళ్లాను. పిల్లలు ప్లాట్‌ఫాంను అడుగులతో కొలిచారు, ఒక డబ్బా పొడవు కొలిచి ఎన్ని డబ్బాలో లెక్కపెట్టి రైలు పొడవు కట్టారు, బండి వచ్చి ఆగేదాకా నా చేతిగడియారం చుట్టూ మూగి సెకన్లు అరిచారు. ఎండకు నా చీర తడిసిపోయిందిగాని గర్వంతో అది నాకు తెలియలేదు. తిరిగొచ్చాక బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాశాను, కంటితో చూసింది నమ్మండి, చూడనిది రాయకండి అని. మన నోట వచ్చే కొన్ని మాటలు మనల్ని వెతుక్కుంటూ మళ్లీ వస్తాయి. ఇది సంవత్సరాంత పరీక్షలో వచ్చింది.

ప్రశ్నపత్రం పెద్ద సారు తయారు చేశారు, దిద్దింది కూడా ఆయనే. అందులో అయిదు మార్కుల లెక్క ఒకటి: నూటయాభై మీటర్ల రైలు గంటకు ముప్పై ఆరు కిలోమీటర్ల వేగంతో రెండువందల యాభై మీటర్ల ప్లాట్‌ఫాంను ఎంతసేపట్లో దాటును? దేశంలో ప్రతి పిల్లా ఏదో ఒక రోజు చేసి తీరవలసిన లెక్క. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో మూటలు మోసే హమాలీ కూతురు నా తరగతిలో ఉండేది, వాళ్ల కుటుంబం పాలమూరు వైపు నుంచి వలస వచ్చి స్టేషన్ వెనకే కిరాయికి ఉంటోంది. ఆ పిల్ల ఇలా రాసింది. నాకు అక్షరాలతో సహా గుర్తు: "ఈ రైలు ప్లాట్‌ఫాం దాటదు. వచ్చి ఆగుతది. ముందర గోడ ఉన్నది. దాటితే ఇంజను గోడకు గుద్దుతది. అందుకని టైం చెప్పరాదు."

నాంపల్లి తెలియనివాళ్లకు చెబుతున్నాను. మన స్టేషన్‌లో పట్టాలు అక్కడితో సరి. వచ్చిన బండి రావడం, ఆగడం, మళ్లీ వెనక్కు పోవడమే తప్ప ప్లాట్‌ఫాంను అటునుంచి ఇటు దాటిపోయిన బండి పుట్టలేదు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి చూసిన స్టేషన్ అదొక్కటే. నలభైమందిని వెంటబెట్టుకుని వెళ్లి అదే చూపించి, చూసిందే రాయమన్న మహానుభావురాలు ఒకతె ఉంది. రైళ్లు దాటే లెక్క చెప్పడానికి, హైదరాబాదు మొత్తంలో ఏ రైలూ దాటని చోటుకు తీసుకెళ్లానన్న సంగతి ఆ రోజు నాకు తట్టనే లేదు.

పెద్ద సారు ఆ జవాబుకు ఎర్రసిరాతో సున్నా పెట్టి, కింద రెండు గీతలు గీశారు. ఇంకో ముగ్గురు కూడా ఇంచుమించు అదే రాశారుగాని వాళ్లు మిగతా లెక్కల పుణ్యాన గట్టెక్కారు. ఈ పిల్లకు మొత్తం ముప్పై ఒకటి వచ్చింది. ముప్పై అయిదు వస్తే పాసు.

నాలుగు మార్కులే కదా అంటారేమో. వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకసారి తప్పితే బడి బంద్. పిల్ల అక్క ఏడులో తప్పి, ఆ వేసవిలోనే సుల్తాన్ బజార్‌లో దర్జీ దగ్గర కాజాలు కుట్టే పనిలో కుదిరింది. తండ్రి చెడ్డవాడు కాదు. మార్కుల కాగితం తిప్పి తిప్పి చూసి, "మా అసుంటోళ్లకు ఒక్క ఛాన్సే ఉంటదమ్మా, రెండోది ఉండదు. అక్కకు ఇయ్యంది చెల్లెకెట్ల ఇస్త?" అన్నాడు. అక్క పక్కన రెండో స్టూలు కోసం దర్జీతో మాట్లాడి కూడా పెట్టాడు.

నేను స్టాఫ్‌రూంకు వెళ్లి పోట్లాడాను. మా పోట్లాటలు అంతకుముందు వినోదంగా ఉండేవి, తక్కిన టీచర్లు టిఫిన్ డబ్బాలు విప్పుకుని మరీ వినేవారు. ఆ రోజు ఎవరూ డబ్బా తియ్యలేదు. అది తెలివైన జవాబు సార్, నాలుగు మార్కులైనా ఇవ్వాలి అన్నాను.

"దాటును అని ప్రశ్నల ఉంటే దాటుతది. దాటదు అననీకె ఆ పిల్ల ఏమన్న స్టేషన్ మాస్టరా?"

"కళ్లున్న పిల్ల సార్."

"కళ్లు అందరికి ఉన్నయమ్మా. ఆ కళ్లకు తప్పు స్టేషన్ చూపిచ్చినోళ్లెవరు?" అని చేతిలోని చాక్‌పీసును బల్ల మీద పెట్టారు. "సున్నా రాసింది నేనే. కాని ఆ సున్నా మీది. పిల్ల పేరు మీద పడ్డది, గంతే."

నేను ఆ జవాబు కాగితం తీసుకుని నేరుగా ఆఫీసు గదికి నడిచాను.

మా పెద్ద టీచరు, అంటే బడికి హెడ్‌మిస్ట్రెస్, మధ్యేమార్గంగా పదిరోజుల్లో మళ్లీ పరీక్ష పెట్టవచ్చన్నారు. పేపరు మాత్రం పెద్ద సారే ఇస్తారట. పిల్ల తండ్రి కూడా అప్పటిదాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత ఒక్క పూట కూడా ఆగనన్నాడు.

పదిరోజులు నేను ఆ పిల్లకు పాఠం చెప్పాను. తక్కిన లెక్కలు బాగానే పట్టుకుంది. ఈ ఒక్క లెక్క దగ్గర మొండికేసింది. రైలు పొడవు, ప్లాట్‌ఫాం పొడవు కలుపు, వేగంతో భాగించు అన్నాను. ఎందుకు కలపాలె అంది. అలాగే కలపాలి అన్నాను. ఆ మాట అంటుండగా పక్కగదిలో పెద్ద సారు గొంతు అదే మాట అనడం వినిపించింది. నా జీవితంలో అంత అవమానం ఎప్పుడూ జరగలేదు. "ప్లాట్‌ఫాం కదలదు కద టీచర్, దాని పొడుగు రైలు ఎందుకు ఉరకాలె? ఉరికినా, రైలు తన పొడుగు తాను ఎందుకు ఉరకాలె?" అని పిల్ల నిలదీసింది. తనకు తెలిసిన రైలు వచ్చి ఆగేది. తెలియని రైలు గురించి చెప్పమంటే ఒట్టి మాటగా ఒప్పుకోదు. ఒప్పుకోకూడదని నేర్పింది నేనే.

పరీక్షకు రెండు రోజుల ముందు, ఇక లాభం లేదని, ఆ పిల్లను లక్డీకాపూల్ స్టేషన్‌కు తీసుకెళతానన్నాను. చిన్న స్టేషన్, పెద్ద బండ్లు అక్కడ ఆగవు, దులపరించుకుంటూ పోతాయి. తండ్రి నన్ను పైనుంచి కిందికి చూసి, "మొదటిసారి తోల్కపోతె సున్నా వచ్చె. ఈసారి నేను గూడ వస్త" అన్నాడు. ఒక పూట పని మానుకుని, ఎర్ర తువ్వాల తలకు చుట్టి మా వెనకే వచ్చాడు. కాపలాకు వచ్చాడని నాకు తెలుసు.

ఎండ పెళపెళలాడుతోంది. బెంచీ కాలిపోతోంది కాబట్టి ముగ్గురం నిలబడే ఉన్నాం. చాలాసేపటికి ఎక్స్‌ప్రెస్ ఒకటి నాంపల్లి వైపు నుంచి వచ్చింది. ఇంజను ప్లాట్‌ఫాం మొదలుకు తగలగానే నేను గడియారం చూసి మొదలు అన్నాను. ఇంజను రెండో కొస దాటింది.

"దాటింది టీచర్! దాటింది!" అని పిల్ల గంతేసింది.

"యాడ దాటిందే?" అని తండ్రి ఒక్క అరుపు అరిచాడు. "ఎనక డబ్బ ఇంక ఈడనే ఉండె కద. కండ్లు దొబ్బినయా?"

"ఇంజను పోయింది కద నాయినా."

"ఇంజను పోతె బండి పోయినట్టా? మా పార్సిల్ డబ్బ యాడుంటది? గార్డు పక్కన, అన్నిటికంటె ఎనక. అది కదిలి పోయిందాక మేం చేతులు దులుపుకోము. తోక పోతెనే బండి పోయినట్టు."

బండి పోయింది, దాని తోక కూడా పోయింది. పిల్ల ఇంకా నోరు తెరుచుకునే ఉంది. తండ్రి విసుక్కుంటూ తలకున్న తువ్వాల విప్పాడు, మేం కూర్చోలేకపోయిన ఆ బెంచీ పక్కన నేలమీద పొడుగ్గా పరిచాడు. "ఇగో గిది బండి. గిది ప్లాట్‌ఫారం" అని బెంచీని కాలితో తన్నాడు. తువ్వాల ముందు కొసను బెంచీ ఒక కాలి దగ్గర పెట్టి నెమ్మదిగా లాగాడు. ముందు కొస బెంచీ రెండో కాలు దాటినా తువ్వాల వెనక ఇంకా చాలా ఉంది. లాగుతూనే పోయాడు. వెనక కొస కూడా రెండో కాలు దాటేసరికి ముందు కొస ఎక్కడో ముందుకు వెళ్లిపోయి ఉంది. "ఇప్పుడు చెప్పు. ముందు కొస ఎంత ఉరికింది?"

పిల్ల వంగి చూసింది. మొదటి కాలు నుంచి జానలతో కొలుచుకుంటూ పోయింది. బెంచీ అంతా అయ్యాక కూడా ఆగలేదు, తువ్వాల అంతా కొలిచింది. లేచి నిలబడి, "బెంచీ అంత, ఇంకా తువ్వాల అంత" అంది. తర్వాత నావైపు తిరిగి, నిష్ఠూరంగా, "గిదా టీచర్?" అంది. గిదే, అన్నాను. ఇన్నాళ్లూ ఈ మాట దాచిపెట్టావా అన్నట్టుంది ఆ చూపు.

"గింత దానికి లక్డీకాపూల్ దాక ఎందుకు తోల్కొచ్చిన్రు టీచరమ్మా?" అన్నాడు తండ్రి, తువ్వాల దులుపుకుంటూ. "నన్ను అడిగితె ఇంటికాడనే చెప్తుంటి కద."

నిజమే, అడగలేదు. రెండు డిగ్రీలు, బి.ఎడ్. నోట్సు, ఆ గర్వమంతా పెట్టుకుని నేను నిత్యజీవితాన్ని బండల మీద వెతికాను, హోటల్లో వెతికాను, స్టేషన్‌లో వెతికాను. బతుకంతా రైళ్ల తోకల దగ్గర గడిపిన మనిషి రోజూ మా గోడ పక్కనుంచి నడిచిపోతుంటే, ఆయన పిల్లను ఎప్పుడు బడి మాన్పిస్తాడా అని మాత్రం భయపడ్డాను.

మారు పరీక్షలో పెద్ద సారు రైలు ఇవ్వలేదు. అంత సులువుగా వదిలే మనిషి కాదు. మూడువందల మీటర్ల ఊరేగింపు నిమిషానికి యాభై మీటర్ల చొప్పున నడుస్తూ రెండువందల మీటర్ల వంతెనను ఎంతసేపట్లో దాటునని ఇచ్చారు. పిల్ల పది నిమిషాలు అని సరిగ్గా కట్టి, కింద ఒక వాక్యం చేర్చింది: "ఆఖరి మనిషి వంతెన దిగినంకనే దాటినట్టు." అడగనిది రాసినందుకు ఆయన ఒక మార్కు కోశారు. మిగతా నాలుగూ వేశారు. మొత్తం నలభై ఒకటి. పేపరు నా ముందు పడేసి, "పాసైంది. మీ వల్ల కాదు" అన్నారు.

"తెలుసు సార్" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. తిరిగి నాలుగు మాటలు అంటానని ఎదురుచూసినట్టున్నారు. అన్నేళ్లలో ఆయన మాటకు నేను ఒప్పుకున్నది అదొక్కసారే, దాన్ని ఆయన చివరిదాకా క్షమించలేదు.

సుల్తాన్ బజార్‌లో రెండో స్టూలు మీద వేరెవరో కూర్చున్నారట. పిల్ల తొమ్మిదికి వచ్చింది. కాని ఆ తండ్రి మాట నాకు నిద్రలో కూడా గుచ్చుకుంటూనే ఉంది, అడిగితే చెప్పేవాణ్ని కదా అని. అందుకని ఆ ఏడు బళ్లు తెరిచాక, బయటికి పోయే పని మానేసి, శనివారాలు ఒక్కో పిల్ల ఇంటినుంచి ఒకరిని బడికి పిలిచాను, వాళ్ల పనిలోంచి ఒక్క లెక్క చెప్పమని. మొట్టమొదట వచ్చింది ఆ హమాలీయే. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, కుర్చీ వేస్తే కూర్చోలేదు, చాక్‌పీసు ఇస్తే విరుగుతుందేమోనని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూతురు ముందు వరసలో తల దించుకుని సిగ్గుతో చచ్చిపోతోంది. పెద్ద సారు పాఠం జరుగుతుండగా మా తరగతి గుమ్మం ఎన్నడూ దాటనివారు, ఆ రోజు తప్పులు పట్టడానికి వచ్చి వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. హమాలీ నెమ్మదిగా మొదలుపెట్టాడు. వెనకనుంచి పెద్ద సారు గద్దించారు, "గట్టిగ చెప్పు భయ్యా. ఈడికి వినొస్తలేదు."

హమాలీ గొంతు పెంచాడు. కూతురు తల ఎత్తింది.

ఇప్పుడు కూడా తల్లిదండ్రుల్ని బళ్లకు పిలుస్తున్నారు, మా రోజులకంటే ఎక్కువే. ఏసీ గదిలో కూర్చోబెట్టి, నీళ్లసీసా చేతికిచ్చి, పిల్లకు ఏ సబ్జెక్టులో ఎన్ని తగ్గాయో గ్రాఫుల్లో చూపిస్తారు. వాళ్లు బుద్ధిగా తలూపి, సంతకం పెట్టి, ఏ పని మానుకుని వచ్చారో ఆ పనికి వెళ్లిపోతారు. అది ఏం పని అని వాళ్లను ఎవరూ అడగరు.